మూడో గేరు

"క్లచ్చమ్మా, క్లచ్చు! ముందది తొక్కాలి. గేరుతో కుస్తీ పట్టమని ఎవరన్నారు?"

స్టీరింగు ముందున్న కాలేజీ అమ్మాయి బిక్కమొహం వేసింది. పక్క సీట్లో మాస్టారు తిట్టడం ఆపకుండానే, తన కాలి దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించారు. మూడో గేరు పడగానే రాడ్డు మీద చెయ్యి వేసి అదిమి పట్టారు. వదిలితే గేరు టక్కున ఊడి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. ఇంజను ఊరికే అరుస్తుంది, కారు లాగదు, నేర్చుకునేవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోతాయి. అందుకని ఏడాదిగా ఆ గేరుని ఆయనే పట్టుకుంటున్నారు, దొరికిన దొంగని పట్టుకున్నట్టు.

మనిషి పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది, నోరు మాత్రం పెద్దది. ఏళ్ళ తరబడి ఒకే కిటికీ పక్కన కూర్చోవడంతో చొక్కాలన్నీ ఒకవైపు ఎండకి వెలిసిపోయాయి. బ్రేకు తొక్కే కాలి పిక్క రెండోదానికంటే లావు. ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషికి సొంత కారు లేదు. రోజూ బస్సులో నిలబడి వస్తారు. బస్సు డ్రైవరు కాస్త ఆలస్యంగా ఆపితే ఈయన కాలు నేలని తొక్కేస్తుంది. నిద్రలోనూ అంతే. "మీ బ్రేకు నా కాలి మీద పడిందండీ," అని తెల్లారి భార్య మొత్తుకుంటుంది. ఇంతా చేసి జీవితంలో ఆయన సాధించినవి ఏమిటయ్యా అంటే, జరగని ప్రమాదాలు. జరగనివాటికి దండలెవరు వేస్తారు? ఆయనా ఎప్పుడూ ఆశించలేదు.

ఈమధ్య చేతిలో నొప్పి మొదలైంది. మణికట్టు దగ్గర పుట్టి, భుజం ఎక్కి, దవడ దాకా పాకింది. అంతా ఆ గేరు వల్లేనని ఆయన నమ్మకం. డాక్టరుకి చూపించుకోమని భార్య పోరుతుంటే, "డాక్టరు నాకెందుకే, కారుకి చూపించాలి," అన్నారు. ఆయన లెక్క తేలికైనది. గేరుబాక్సు బాగైతే చెయ్యి బాగవుతుంది. చెయ్యి బాగైతే ఇంకొన్నేళ్ళు ఈ సీటు తనది. ఇక పట్టలేనని నోరు జారితే, సీటు రేపటికల్లా ఇంకొకడిది.

అందుకే కాలేజీ అమ్మాయిని దింపి, కారుని నేరుగా మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్ళారు.

మెకానిక్కు ఒంటరిగా ఒక చుట్టు తిప్పి వచ్చాడు. కారు కింద దూరి, బాక్సులో ఆయిలు కొంచెం అరచేతిలోకి తీసుకుని బయటికొచ్చాడు. నల్లటి ఆయిల్లో సన్నటి రజను తళతళలాడుతోంది.

"బంగారం అనుకునేరు మాస్టారూ. లోపల గేరు పళ్ళరిగి రాలుతున్న పొడి ఇది. అసలు ఇన్నాళ్ళు ఎలా నడిపారు?"

"పట్టుకుని."

మెకానిక్కు నవ్వాడు. ఆయన నవ్వలేదు. మూడో గేరు, దాని రింగు, బేరింగులు, క్లచ్చు ప్లేటు, దింపి ఎక్కించే కూలీ అన్నీ కలిపి మెకానిక్కు ఒక కాగితం మీద రాసిచ్చాడు. నాలుగు చేతులు మారి వచ్చిన ఆ కారుని యజమాని కొన్న ధరలో అది సరిగ్గా సగం.

డ్రైవింగు స్కూలు యజమాని కూడా ఒకప్పుడు ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. ఒకరోజు మాస్టారి పక్క బ్రేకు పడకపోయుంటే లారీ కిందే ఉండేవాడు. ఆ సంగతి ఆయనెప్పుడూ ఎత్తలేదు. యజమాని ఎప్పుడో మరిచిపోయాడు. రోడ్డు గుర్తుల చార్టు కింద కూర్చుని కాగితం చూసి, యజమాని కళ్ళు తేలేశాడు.

"సగం కారు డబ్బులా? వాడేమన్నా వెండితో చేసి పెడతాడా? పదండి, నేనే చూస్తా."

యజమాని తోలాడు. మాస్టారు పక్కన కూర్చున్నారు. సందులు దాటి పెద్దరోడ్డెక్కాక మూడో గేరు పడింది. కారు నున్నగా సాగిపోయింది. చూడు, ఇప్పుడు ఊడుతుంది అని ఆయన రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. ఎదురుగా బస్సొస్తే కాలు బ్రేకు మీదకి పోయింది. పెద్ద చుట్టు తిరిగి వచ్చారు. ఒక్కసారి కూడా ఊడలేదు.

"ఏదీ మాస్టారూ?"

అప్పుడు చూసుకున్నారు. తన చెయ్యి రాడ్డు మీదే ఉంది. పిడికిలి బిగిసి కణుపులు తెల్లబడ్డాయి. ఎప్పుడు వెళ్ళిందో ఆయనకే తెలీదు. ఒక్క పూట ఊరుకుంటే పని అయ్యేది. తన చేతిని తనే నరుక్కోవాలనిపించింది.

"నేను పట్టుకున్నానండీ. ఇంకోసారి తోలండి, తీసేస్తా."

యజమాని కారాపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులోనే దోపాడు.

"ఎందుకండీ తియ్యడం? మీరు పట్టుకుంటే ఊడట్లేదుగా! అయితే పట్టుకోండి. అందుకేగా మిమ్మల్ని పెట్టుకుంది."

"చెయ్యి నొప్పిగా ఉంటోందండీ..."

"నొప్పంటే చెప్పండి మాస్టారూ, మొహమాటం వద్దు. ఈ పనికి నా దగ్గరికి రోజూ ఇద్దరు ముగ్గురొస్తున్నారు." ఆ గొంతులో ఎంత మర్యాద! "అబ్బే, అంతేం లేదులెండి," అన్నారు మాస్టారు.

మధ్యాహ్నం క్లాసు బేకరీ ఆవిడది. రొట్టెల బండి తనే తోలుకోవాలని ఆవిడ పట్టుదల. రెండు నెలలుగా ఈయన తిట్లన్నీ పడి, ఇంటికెళ్ళి పిండి మీద కసి తీర్చుకునేది. మాస్టారు తిట్టని రోజున లైసెన్సు వచ్చినట్టే అని స్కూల్లో అందరూ అనుకునే మాట ఆవిడా వింది.

ఆరోజు బయల్దేరగానే ఆవిడ అద్దం సరిచేసుకోవడం మరిచిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు. ఆయనకి చెమటలు పోస్తున్నాయి. కిటికీ పూర్తిగా దించి, తల సీటుకి ఆనించారు. మూడో గేరు పడింది. అలవాటుగా చెయ్యి వెళ్ళి రాడ్డు మీద పడింది, దాని వెనకే భుజం కూడా అటు వాలింది. నొప్పి దవడ నుంచి ఛాతీలోకి దిగి, గట్టిగా ఒక్కసారి పిండింది.

మైదానం చుట్టూ ఖాళీ రోడ్డు. బేకరీ ఆవిడ ఒక చుట్టు తిప్పింది, తిట్టు లేదు. రెండో చుట్టు తిప్పింది. మలుపులో కాస్త పక్కకి పోయింది, అయినా తిట్టు లేదు, బ్రేకు పడలేదు. ఆవిడ మొహం విప్పారింది.

"మాస్టారూ, ఇవాళ మీ నోటికి సెలవా?" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. చూపు తిప్పితే చంపేస్తానని ఆయనే చెప్పారు మరి. "నాకొచ్చేసిందన్నమాట! మా ఆయన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతా చూడండి."

మూడో చుట్టు కూడా హాయిగా పూర్తిచేసింది. రద్దీ రోడ్డు మలుపు దగ్గర రెండో గేరు వెయ్యబోతే రాడ్డు కదల్లేదు.

"చెయ్యి తియ్యండి మాస్టారూ."

ఆయన తియ్యలేదు.

"మాస్టారూ, చెయ్యి!" అని ఆవిడే ఆ వేళ్ళు పట్టుకుని విడదియ్యబోయింది. చల్లగా, తడిగా ఉన్నాయి. ఆవిడ కెవ్వుమని అరిచింది. ఆ అరుపులో కూడా క్లచ్చూ బ్రేకూ కలిపే తొక్కింది. కారు కుదుపు లేకుండా, పక్కగా, పద్ధతిగా ఆగింది. అంత చక్కగా ఆవిడెప్పుడూ ఆపలేదు.

భార్య వచ్చేసరికి ఆయన్ని స్కూలు బెంచీ మీద పడుకోబెట్టారు. ఆవిడ ఏడవలేదు. ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పనిచేస్తూ పోయాడమ్మా, అదృష్టవంతుడు," అని యజమాని ఓదార్చాడు. అటు తిరిగి గుమాస్తాతో, రేపటి క్లాసులు ఎవరికీ రద్దు చెయ్యొద్దన్నాడు.

మర్నాడు పొద్దున కొత్త మాస్టారు వచ్చాడు. కుర్రవాడు కాదు, ముసలివాడూ కాదు, పని దొరికినందుకు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. యజమాని కారు తలుపు దగ్గరుండి అన్నీ వివరంగా చెప్పాడు.

"మూడో గేరు ఒక్కటీ కాస్త పట్టుకోవాలి. పెద్ద పనేం కాదు. ముందాయన ఏడాది పట్టుకున్నాడు, ఏ ఇబ్బందీ రాలేదు."

కొత్తాయన తలూపి పక్క సీట్లో కూర్చున్నాడు. బ్రేకు కోసం వెతికిన కాలికి ఏదో అడ్డొచ్చింది. వంగి చూస్తే చెప్పు, ఒంటిది. దాన్ని మడమతో సీటు కిందకి నెట్టేసి, రాడ్డు మీద చెయ్యేసి, "పోనివ్వమ్మా," అన్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా సీటు కింద ఆ చెప్పు, మడమ దగ్గర కొత్తగానే ఉండి మునివేళ్ళ దగ్గర మాత్రం అరిగి చిల్లుపడ్డ చెప్పు, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరుగుతూ ఉంది.