పూలబుట్ట ముందుకు దొర్లిన బోర్డు

నేను ఒక నో పార్కింగ్ బోర్డును. నా కాలు పాత లారీ టైరులో పోసిన సిమెంటులో దిగబడి ఉంటుంది. కాకినాడలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. నా మీద అక్షరాలు రాసిన పెయింటరు, అవి ఆరగానే తన సైకిలును నాకే ఆనించి టీ తాగడానికి వెళ్ళాడు. మనుషులు నన్ను ఎంత లెక్కచేస్తారో ఆ రోజే కొంత అర్థమైంది.

ట్రాఫిక్ పోలీసులు నన్ను మందుల షాపు మలుపులో నిలబెట్టారు. కాస్త దూరంలో వరహాలు పూలబుట్ట పెట్టుకునేది. సాయంత్రమైతే బుట్టకు అడ్డంగా బళ్ళు పెట్టేసేవారు. పూలు కనబడకపోతే కొనేదెవరు? ఒకరోజు ఆమె నన్ను పక్కకు వంచి, టైరు అంచు మీద దొర్లించుకుంటూ తీసుకుపోయి బుట్ట ముందు నిలబెట్టింది. ఒక్క బండీ ఆగలేదు. అప్పటినుంచి సాయంత్రాలు అక్కడ, మిగతా వేళల్లో మలుపులో. తప్పని తెలిసినా నాకు బాగానే ఉండేది. మలుపులో దుమ్ము, బుట్ట దగ్గర మల్లెల వాసన.

ధనుంజయరావు గారు రోజూ మోపెడ్ మీద వచ్చి భార్యకు మూరెడు కనకాంబరాలు కొనేవారు. రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్ళు గేట్‌మన్‌గా చేసిన మనిషి. బోర్డు కనబడితే చదవకుండా దాటేవారు కాదు.

శ్రావణ శుక్రవారానికి ముందురోజు ఆయన బుట్ట పక్కన బండి ఆపి మందుల షాపులోకి వెళ్ళారు. ఇంకో బండి దూరకుండా వరహాలు నన్ను గబగబా దొర్లించుకొచ్చి ఆ మోపెడ్ పక్కనే నిలబెట్టింది. అంతలో కానిస్టేబులు వచ్చి బండినీ నన్నూ కలిపి ఫోటో తీసి వెళ్ళాడు. ధనుంజయరావు గారు బయటికి వచ్చేలోగా ఆమె నన్ను మళ్ళీ మలుపులోకి తోసేసింది.

రెండు రోజులకు ఆయన ఫోనుకు చలానా వచ్చింది. వరహాలుకు ఫోటో చూపించారు.

"అక్కడ బోర్డుందంట. నువ్వు చూసేవా అమ్మాయ్?"

"నాకేం తెలుస్తాదండి బాబూ, మాల కట్టుకుంటన్నాను," అంది. నిజం చెబితే బుట్ట లేపేస్తారని ఆమె భయం. చేతిలో దారం ముడి తప్పింది.

ఆయన స్టేషనుకు వెళ్ళి వాదించారు. మర్నాడు నడిచి వచ్చారు.

"ఫోటోలో ఇంత బోర్డుంటే లేదంటారేంటి పెద్దాయనా, కళ్ళు చూపించుకోండన్నాడే ఎస్సైగారు. నిజవే కదా? బండి అల్లుడికిచ్చేసేను. ఇయ్యాళ బోర్డు కనబళ్ళేదు, రేపు మనిషి కనబడకపోతేనో?"

తర్వాత రోడ్డవతల షాపు పేరును ఒక కన్ను మూసుకుని చదివారు. ఆ తర్వాత రెండో కన్ను మూసుకున్నారు. వరహాలు తల వంచుకుంది. నాకు వంచడానికి తల కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె బుట్ట దించలేదు. ఎండలో నన్ను మెయిన్ రోడ్డు మీదుగా దొర్లించుకుంటూ బయలుదేరింది.

"ఏంటి వరహాలూ, పోలీసు ఉజ్జోగం వచ్చిందా?" అన్నాడు టీ బండి అతను.

"ఆయ్. ముందు నీ బండే ఎత్తించేత్తాను."

స్టేషనులో మాత్రం ఆమె నన్ను వదలకుండా పట్టుకునే చెప్పింది. "ఆయన కళ్ళు శుభ్రంగా ఉన్నాయండి బాబుగారూ. దీన్ని అక్కడెట్టింది నేను. మీవోడు ఫోటో తీసేకా వెనక్కి తోసేసిందీ నేనే."

"దీన్ని ముట్టుకోకూడదని తెలీదా?" అన్నాడు ఎస్సై.

"తెలుసండి. అందుకేగదండీ ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ధనుంజయరావు గారి చలానా రద్దు చేశారు. మలుపులో గుంత తవ్వి, కదలని బోర్డు పాతారు. వరహాలు బుట్టను రోడ్డవతలకు, నీడలేని చోటికి పంపేశారు. నన్ను స్టేషను పెరట్లో పట్టుకొచ్చిన బళ్ళ మధ్య పడేశారు.

ధనుంజయరావు గారు ఇప్పుడు సాయంత్రాలు, అల్లుడి దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్న మోపెడ్ మీద ఇటే వెళతారు. హ్యాండిలుకు కనకాంబరాల పొట్లం వేలాడుతుంటుంది. స్టేషను గేటు దగ్గర ఆగి, ఒక కన్ను మూసుకుని నావైపు చూసి, "నో పార్కింగ్" అని పైకి చదువుతారు. రెండో కన్ను మూసుకుని మళ్ళీ చదువుతారు. తృప్తిగా వెళ్ళిపోతారు.

నా రంగు పెచ్చులూడుతోంది. ఇంకో రెండు వానలు పడితే అక్షరాలు మిగలవు. అప్పుడు కూడా ఆయన తన కళ్ళనే అనుమానిస్తారేమోనని నా బెంగ.