నా మొదటి ఆలోచన తప్పు

"ఎర్రగడ్డ కోసేదానికి గూడా అంత ఆలోచన ఏంది మేయ్?" అంది మా అత్త మేరీ.

నా ఆలోచన ఉల్లిగడ్డ మీద లేదు. హాల్లో లాప్‌టాప్ తెరిచిపెట్టి వచ్చాను. అందులో ఏఐ అసిస్టెంట్ మా సాఫ్ట్‌వేర్‌లోని ఒక తప్పును వెతుకుతోంది. సాయంత్రంలోగా ఆ తప్పు దొరకాలి. అప్పటిలోగానే నేను ఉద్యోగం మానేస్తున్నానో లేదో కడపలో ఉన్న మా టీమ్ లీడర్ హఫీజాకు చెప్పాలి.

నిజానికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పులివెందులలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు మా ఆయన ప్రభాకర్‌ది. షాపులో పనిచేసేవాళ్ళకు హోటల్ తిండి పడడం లేదట. "నువ్వు ఇంట్లో ఉండేదానివే గదా" అని చాన్నాళ్ళుగా పాడిందే పాడుతున్నాడు. ఇంట్లో కూర్చుని నేను చేసేది కూడా ఉద్యోగమేనని ఆయనకు జీతం పడిన రోజు తప్ప గుర్తుండదు. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఆయనే చేస్తాడు. నిన్న కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. ఉద్యోగం మానుకొని షాపు పనోళ్ళకు వండి పెట్టేదానికి జాస్మిన్‌కు మంచి మనసు ఇచ్చినందుకు నీకు స్తోత్రం" అన్నాడు. నా ధ్యాసేమో పొయ్యి మీద మాడుతున్న వంకాయ మీద ఉంది. నోరు అలవాటుగా "ఆమెన్" అనేసింది. "దేవుని ముందర ఒప్పుకుంటివి, ఇంగ మాట మార్చగూడదు" అన్నాడు అన్నం కలుపుకుంటూ. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమెన్ అన్నది నేనే కదా.

మేం చీనీకాయలు, అంటే బత్తాయిలు, అమ్మే మండీలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. అందులో రైతు సరుకు తూకం తక్కువగా చూపిస్తోంది. మొన్న ఇదే అసిస్టెంట్‌ను అడిగితే అడిగీ అడగకముందే జవాబు చెప్పింది. దశాంశాలు సవరించడంలో తేడా అంది. దిద్దితే తప్పు అలాగే ఉంది. ఇంకో కారణం చెప్పింది, అదీ అంతే ధీమాగా. అచ్చం మా ఆయనే అనుకున్నాను. ఈరోజు పొద్దున హఫీజా దానికొక పనిముట్టు తగిలించింది. "బుర్ర అదే జాస్మిన్, ఆలోచనలు పెట్టుకునేదానికి చోటిచ్చినాం, అంతే" అంది ఫోన్‌లో. ఇక అది జవాబు చెప్పే ముందు ఒక్కో ఆలోచననూ రాసుకోవాలి, వెనక్కి తిరిగి చూసుకోవాలి. పాతది తప్పనిపిస్తే కొట్టేయవచ్చు, ఒకచోటి నుంచి రెండు దారుల్లో పోయి చూడవచ్చు. ఎవరూ తొందరపెట్టరు.

చేతులు తుడుచుకుని వెళ్ళి చూశాను. తెర మీద ఇలా ఉంది: "నా మొదటి ఆలోచన తప్పు. దశాంశాల తేడా అయితే ఒక లోడుకు పెరగాలి, ఒక లోడుకు తగ్గాలి. ఇక్కడ ప్రతి లోడుకూ ఒకే పాళ్ళలో తగ్గుతోంది. దీన్ని ఎవరో తెలిసే తగ్గిస్తున్నారు. ఇది మండీ ఆచారమా? కోడ్ చూసి నేను చెప్పలేను. తెలిసిన మనిషిని అడగాలి." ఆ కిందనే నాకు ప్రశ్న: "మండీలో తూకం తగ్గించే పద్ధతి ఏదైనా ఉందా?"

ఆ మొదటి వాక్యం మళ్ళీ చదివాను. "నా ఆలోచన తప్పు" అన్న మాట నేను పుట్టిన ఇంట్లో వినలేదు, మెట్టిన ఇంట్లో వినలేదు. ఆ మాట అన్నందుకు దాని పరువేమీ పోలేదు. ఇంకా తేటగా ముందుకు నడిచింది. ఎంత అందంగా ఉందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిగడ్డలవి కావు. బుర్ర అదే, చోటు దొరికింది, అంతే. మరి పెళ్ళయినప్పటి నుంచి నా ఆలోచన ఒక్కటైనా చివరిదాకా పోయిందా? "పాలు పొంగుతాండాయి సూడు", "నా చొక్కా యాడ పెట్టినావు", "ఇంతసేపు ఏం చేస్తాండావు". సగంలో తెగిన ఆలోచనలతోనే అన్నిటికీ సరే, సరే అంటూ వచ్చాను. వాళ్ళు దాన్ని మంచితనం అన్నారు. నేను నా తెలివితక్కువతనం అనుకున్నాను.

దాని ప్రశ్నకు జవాబు రాశాను. మండీలో వ్యాపారులు టన్నుకు ఇంతని డబ్బివ్వకుండా అదనంగా తీసుకునే కాయను సూట్ అంటారని చెప్పాను. అది మళ్ళీ మొదటి నుంచి నడిచి చూసుకుంది. సూట్‌ను తూకం దగ్గర ఒకసారి, బిల్లు దగ్గర ఇంకోసారి తీసేస్తున్నాం. దిద్దాక తూకం సరిపోయింది.

ప్రభాకర్ భోజనానికి వచ్చాడు. "మానేస్తాండానని మెయిల్ పెట్టినావా?" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

"ప్రార్థన ఈపొద్దు నేను చేస్తా" అన్నాను.

అత్త నన్ను వింతగా చూసి కళ్ళు మూసుకుంది. ఆయనా మూసుకున్నాడు. నేను మాత్రం తెరిచే ఉంచాను.

"తండ్రీ, ఈ ఆహారాన్ని దీవించు. నిన్న నేను ఆమెన్ అన్నది తప్పు. ఆలోచించకుండా అన్నా. ఈపొద్దు చివరిదాకా ఆలోచించినా. నేను ఉద్యోగం మానను. షాపు పనోళ్ళకు అన్నం ఎట్లని ఆలోచించుకునేదానికి ప్రభాకర్‌కు గూడా కొంచెం చోటియ్యి."

ఎవరూ ఆమెన్ అనలేదు. నేనే అన్నాను.