బొటనవేలు గిచ్చినవాళ్లు

"చెట్టు తడిసున్నది బిడ్డా, ఇయ్యాల ఎక్కకు. మోకు జారిందంటే నడుం ఇరుగుతది."

చంద్రమ్మ కొడుకుతో ఇట్లా అనడం కొత్త కాదు. ఎండాకాలం వడదెబ్బంటుంది, చలికాలం చేతులు మొద్దుబారతాయంటుంది. కల్లుగీసే ఇంట పుట్టి, గీతకాడికే ఇల్లాలైనా ఆమె భయం అరగలేదు.

"నీ నోట మంచి మాటే రాదా అవ్వా?" అని నవ్వి, ఎల్లేశ్ చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పోయాడు. ఆ పూటే తాటిచెట్టు నడిమి నుంచి జారి కింద పడ్డాడు.

వెన్నులో ఒక పూస నొక్కుకుపోయింది. నరానికేం కాలేదు, కోత అక్కర్లేదు, బెల్టు కట్టుకుని మెల్లగా లేచి నడవాలి అని చెప్పి హన్మకొండ డాక్టరు ఇంటికి పంపాడు. ఆ వెనకే పలకరింపుల దండు దిగింది.

టేకుమట్ల నుంచి, ఘనపూర్ నుంచి ఆటోలు నిండి వచ్చారు. బత్తాయిలు తెచ్చినవాళ్లే ఒలుచుకు తిన్నారు. వచ్చిన ప్రతి మొనగాడూ దుప్పటి తీసి, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు, ఎల్లేశ్ బొటనవేలు గిచ్చేవాడు. "తెలుస్తాందా?"

మొదట్లో తెలుస్తోందన్నాడు. తర్వాత తలూపాడు. ఆపైన గోడవైపు మొహం తిప్పి మాటే మానేశాడు.

చంద్రమ్మ తమ్ముడు కొమురయ్య మరీ ఘనుడు. ఒకప్పుడు ట్రాక్టరు మీంచి పడి ఆపరేషన్ చేయించుకున్నవాడు. అంగీ లేపి వీపు మీది గాటు వాకిట్లో అందరికీ చూపించాడు.

"నాకు రాడ్లేసిండ్రు. కోయకుంట బొక్క ఎట్లతుకుతదక్కా? లేపినవంటే పూస జారుతది, ఇగ మంచానికే."

"వీపు కోసినోళ్లు జర తలకాయ గూడ కోసి చూడకపోయిండ్రురా, లోపల ఏమన్న ఉన్నదో లేదో!" అని చంద్రమ్మ వాణ్ణి వెళ్లగొట్టింది. వాణ్ణయితే వెళ్లగొట్టింది గానీ, వాడి మాటను ఇంట్లోనే ఉంచుకుంది. బెల్టు అటకెక్కింది. కొడుకును కదలనివ్వలేదు. కాళ్లు సన్నబడుతున్నాయని కోడలు రాధ అంటే, "నీకేం ఎరుక?" అని కసిరింది.

ఊరందర్నీ తిట్టిపోసే ఆ తల్లి, రోజూ తెల్లారగానే తనే దుప్పటి కింద చెయ్యి పెట్టేది. గిచ్చగానే వేలు ముడుచుకునేది. ఆమె ఊపిరి పీల్చుకునేది.

ఆరోజు వేలు కదల్లేదు.

"బిడ్డా, తెలుస్తాందా?" ఇంకా గట్టిగా గిచ్చింది. ఉలుకూ పలుకూ లేదు.

"గోరు దిగేదాక గిచ్చు అత్తమ్మా," అంది వెనకనుంచి రాధ. "నిన్నటోళ్ల గాటు పక్కన ఇంక జాగున్నది."

చంద్రమ్మ చెయ్యి తీసేసింది. స్టూలెక్కి బెల్టు దించి, కొంగుతో దుమ్ము తుడిచి, మంచం పక్కన కూలబడింది.

"నాకు బుగులైతాంది కొడుకా, గా భయానికే నిన్ను లేవనియ్యలే. గది నిజం. లేస్తవా?"

ఎల్లేశ్ గోడనే చూస్తున్నాడు. రాధ వాకిలి ఊడ్చి వచ్చింది. పొయ్యి మీద చాయ్ మరిగి పొంగింది. చంద్రమ్మ అక్కడే కూర్చుంది, బెల్టు ఒళ్లో పెట్టుకుని.

"తెలుస్తనే ఉన్నదవ్వా," అన్నాడు చివరికి. "గిచ్చుడు బందువెట్టి, గా బెల్టు గట్టు."