బండి వేరు, బృందం వేరు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ప్రోగ్రాంలో ఒక్కో రకం వస్తువు వివరాలు చూసుకునే కోడు ముక్కను క్లాస్ అంటారు; అలాంటి ఏ క్లాస్ మితిమీరి లావెక్కినా దాన్ని రెండుగా కోసేదాకా ఆమెకు తోచదు. ఆ పేరు పెట్టింది పక్క కుర్చీలో పనిచేసే సొంత తమ్ముడే.

అప్పట్లో వాళ్లు అంబులెన్సులు నడిపే ఒక సంస్థకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. బండి, డ్రైవరు, నర్సు, లోపలి సామాను, అన్నిటినీ తమ్ముడు 'అంబులెన్స్' అనే ఒకే క్లాస్‌లో కుక్కేశాడు. అప్పగింత దగ్గరపడ్డాక, పరీక్ష కోసం ఒక బండిని మరమ్మతుకు పంపి చూశారు. తెర మీద బండితో పాటు డ్రైవరూ నర్సూ కూడా షెడ్డుకు వెళ్లిపోయారు.

తమ్ముడు పకపకా నవ్వాడు. "నర్సుకి కూడా ఆయిల్ మారుస్తారేమో అక్కా! షెడ్డుకు బండి ఒక్కటే పోవాలని కోడులో ఓ షరతు తగిలిస్తా, సరిపోతుంది."

"సరిపోదురా. చెడింది బండి, మనుషులు కాదు. వాళ్లు ఇంకో బండెక్కి వెళ్లాలి కదా?"

మేనేజరు గుండెల్లో రాయి పడింది. "అప్పగించే ముందు ఇప్పుడు ప్రోగ్రామంతా విప్పుతావా తల్లీ? నడుస్తోంది కదా!"

"నడుస్తున్నట్టు కనిపిస్తోందంతే సార్. నాకొదిలెయ్యండి."

మర్నాడు పొద్దున్నే ఆమె అంబులెన్సుల కంట్రోల్ రూమ్‌కు వెళ్లి, బండ్లను పంపే ఉద్యోగిని పక్కన కూర్చుంది. ఆవిడ ఫోన్లో "ఆ టీమ్‌ని స్పేర్ బండెక్కించండి" అనడం చెవిన పడగానే కత్తెరమ్మ ముఖం వెలిగింది. తిరిగొచ్చి బండిని, బృందాన్ని, సామాన్ని విడదీసింది. ఏది ఎప్పుడు దేనితో ఉందో చెప్పడానికి 'కేటాయింపు' అని కొత్త క్లాస్ రాసింది. తమ్ముడు మూతి ముడుచుకున్నాడు గానీ, మధ్యాహ్నానికల్లా తనే కుర్చీ దగ్గరకు లాక్కుని సాయం పట్టాడు.

సాఫ్ట్‌వేర్ అప్పగించిన రోజు అందరూ కంట్రోల్ రూమ్‌లోనే ఉన్నారు. గుండెనొప్పి వచ్చిన ఒక పెద్దాయన కోసం బయల్దేరిన బండి దారిలో ఆగిపోయింది. ఉద్యోగిని దగ్గర్లోని స్పేర్ బండిని రప్పించి, అదే బృందానికి కేటాయించింది. వెంటనే తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది: ఆక్సిజన్ సిలిండరు పాత బండిలోనే ఉంది.

"సిలిండరు దించుకుని ఎక్కండి!" అని ఆవిడ ఫోన్లో కేకేసింది.

పెద్దాయన ప్రాణాలతో ఆసుపత్రికి చేరాడన్న కబురు వచ్చాక గానీ మేనేజరు కుర్చీలో కూర్చోలేదు. తమ్ముడు వరండాలోకి పోయి తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అక్క గెలిచింది!"

"దేంట్లోరా?"

"ఇంటికొచ్చి చెప్తా. ఈ పూట అక్క వంతు వంట మాత్రం నాది, తనని వంటింట్లోకి రానివ్వకు."