బావ మెచ్చుకున్న టీ

మా బావకి నేను పెట్టే టీ అంటే పడదు. నోట్లో పోసుకోవడం ఆలస్యం, కుడితి అంటాడు. నన్ను పిలవాలంటే రాక్షసీ అంటాడు. అక్క ఎన్నిసార్లు కసురుకున్నా మారని మనిషి. అలాంటివాడి విమానం శత్రువుల గడ్డ మీద కూలిపోయింది.

వెతికి తెచ్చే హెలికాప్టర్‌లో నేనూ ఉన్నాను. తాడు దించి మనుషుల్ని పైకి లాగే పని నాది. బయల్దేరేముందు అక్క గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఆయన లేకుండా మాత్రం రాకే అంది.  మోసుకొచ్చి నీ గుమ్మంలో పడేస్తాలే అన్నాను.

సరిహద్దు దాటి, చెట్ల కొమ్మలు రాసుకుంటూ పోతున్నాం. ఉన్నట్టుండి రేడియోలో బావ గొంతు. ఇటుకబట్టీ పక్క మైదానంలో దిగమంటున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కెప్టెన్‌కి మాత్రం అనుమానం. గొంతు ఆయనదే, కానీ కణతకి తుపాకీ ఆనించి మాట్లాడిస్తున్నారేమో, ఇంటి మనిషివి కదా, ఏదైనా అడిగి చూడు అన్నాడు.

నోటికొచ్చిందే అడిగాను. "బావా, మొన్న నేను పెట్టిన టీ ఎలా ఉంది?"

కాసేపు గరగర.

"అమృతంలా ఉంది మరదలా. అలాంటి టీ జన్మలో తాగలేదు."

కెప్టెన్ వైపు తిరిగి అరిచాను. "దిగొద్దు సార్. ఆయన పక్కన తుపాకీ ఉంది."

కెప్టెన్ ఒక్క విసురున పక్కకి తిప్పాడు. అప్పుడు చూడాలి, బట్టీ వెనక దాచిన ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలాయి. గుండ్లన్నీ మేం దిగాల్సిన చోటికే. మాకు కాపలాగా వెనకొస్తున్న యుద్ధవిమానం ఊరుకుంటుందా, వాటి పని పట్టింది. ఆ పొగలోంచి, చేతులు ముందుకి కట్టేసిన మనిషొకడు వాగు వైపు పరుగు లంకించుకున్నాడు. ఆ దొడ్డికాళ్ళ పరుగు నాకు తెలీదూ?

తాడు దించాను. కట్టేసిన చేతులతోనే తాడు కొసనున్న ఉచ్చులో దూరాడు. కింద తుపాకులు టపటపలాడుతుంటే, నోటికొచ్చిన దేవుళ్ళందర్నీ తిట్టుకుంటూ పైకి లాగి, కాలర్ పట్టుకుని లోపలికి ఈడ్చాను.

 కట్లు కోసి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"రాక్షసీ, కుడితి."

ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ఇంతలో రేడియోలో స్థావరం వాళ్ళు, నిజంగా ఆయనేనా, ఇంటికి కబురు చెప్పొచ్చా అని అడిగారు.

"నా టీ కుడితిలా ఉందట. మా అక్కకి ఆ ముక్క చెప్పండి చాలు" అన్నాను.