ఇక వదలండి

పొద్దున్నే ఆ బస్టాండులో అందరికంటే ముందు వినిపించేది మైకమ్మ గొంతు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎప్పుడు కదులుతుందో గాజుగదిలో కూర్చుని చెప్పడం ఆమె ఉద్యోగం. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంట్లోనూ అదే తంతు. కంచం ముందు పెట్టి "కూర కుడివైపున ఉంది, గమనించగలరు" అంటుందని మొగుడి ఏడుపు.

అలాంటి మనిషికి ఎడమ రొమ్ములో గడ్డ తీసేశాక, రేడియేషన్ కోసం నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి పడుకోవాల్సొచ్చింది. చూడండి మరి!

"ఊపిరి నిండా పీలిస్తే గుండె పక్కకి జరుగుతుందమ్మా. అప్పుడే కిరణాలు పడాలి. లేకపోతే గుండెకీ తగులుతాయి. 'ఇక వదలండి' అనేదాకా బిగబట్టే ఉండాలి," అంది మిషను దగ్గరి అమ్మాయి. గుర్తు కోసం ఒంటి మీద సూదితో చిన్న చుక్కలు పొడిచి, చేతులు తలపైకి పెట్టించి, బరువైన తలుపు మూసి వెళ్లిపోయింది. కాసేపటికి గోడలోని స్పీకరు పలికింది. "ఊపిరి తీసుకోండి. బిగబట్టండి."

"అలాగేనండీ," అంది మైకమ్మ. లోపలున్న గాలంతా పోయింది.

మళ్లీ చెప్పారు. మళ్లీ "సరేనండీ" అంది. మైకులో తను చెప్పేదానికి ఎవరూ ఉలకరు పలకరని ఆమెకి ఎప్పటినుంచో బాధ. ఇంకొకరు మైకులో చెబుతుంటే తనూ అలాగే ఊరుకోవడం మర్యాద అనిపించలేదు.

"జవాబు చెప్పకండమ్మా, మీకు పుణ్యముంటుంది!" అంది స్పీకరు.

ఇంటికొచ్చి పట్టుదలగా సాధన మొదలుపెట్టింది. గుండె తనది, కాపాడుకోవాల్సిందీ తనే. పొయ్యి ముందు నిలబడి ఊపిరి బిగబట్టింది. అంచుదాకా పొంగిన పాలు అక్కడే ఆగాయి. గోడగడియారం ఆగింది. కుళాయి ధార గాల్లో నిలిచింది. మనుషులు మాత్రం మామూలుగానే తిరుగుతున్నారు.

"హమ్మయ్య, పొయ్యి తుడిచే పని తప్పింది," అంటూ మొగుడొచ్చి గిన్నె దించాడు.

బస్టాండులోనూ అంతే. టీ తాగే వేళ ఆమె సాధన చేస్తే ఏ బస్సు చక్రమూ తిరగదు. "మేడమ్ బిగబట్టారు, కాసేపాగండి," అని డ్రైవర్లు కిందికి దిగి కాళ్లు సాగదీసుకునేవారు.

వారాలు గడిచేకొద్దీ చర్మం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, రొమ్ము కింది మడతలో పొర ఊడి పచ్చిపుండైంది. బట్ట కుట్లు పుండుకి రాసుకోకుండా మొగుడి పాత కాటన్ చొక్కాని తిరగేసి తొడుక్కునేది. నీరసం సంగతి చెప్పక్కర్లేదు, తల దువ్వుకుంటూనే మంచం మీద కూలబడేది. ఓ రోజు వెక్కివెక్కి ఏడ్చింది కూడా.

"ఇక మానేస్తావా?" అని మొగుడు భయంభయంగా అడిగాడు.

"నోరు మూసుకోవడం ఇప్పుడిప్పుడే వచ్చింది. ఇప్పుడు మానేస్తానా?"

ఆమె బెంగంతా ఆడపడుచు గురించే. ఆ పిల్లకి చంకలో బఠాణీగింజంత గడ్డ. ఆ సంగతి వదినకొక్కదానికే చెప్పింది. పరీక్షకి రమ్మంటే మాత్రం ప్రతిసారీ బస్సు వెళ్లిపోయాకే వచ్చేది. "అయ్యో, తప్పిపోయింది వదినా! రేపు చూద్దాంలే." వదిన ఒంటి మీద కాలిన చర్మం చూసిన మనిషి, భయం ఉండదా? మైకమ్మ బతిమాలింది, తిట్టింది, మైకులో కూడా పిలిచింది. గోడకి చెప్పినట్టే అయింది.

మైకమ్మ చికిత్సకి అది ఆఖరి రోజు. ఆస్పత్రి వైపు వెళ్లే బస్సు కదిలింది. ఆమె బస్సు మెట్టు మీద నిలబడి చూస్తోంది. అప్పుడొచ్చింది ఆడపడుచు, గేటు దగ్గరికి, నింపాదిగా.

మైకమ్మ ఊపిరి తీసుకుంది. పుండు సాగి భగ్గుమంది. బిగబట్టింది.

బస్సు ఆగిపోయింది. డ్రైవరు వెనక్కి ఆనుకుని పేపరు విప్పుకున్నాడు.

"నువ్వు వెళ్లిరా వదినా! నేను రేపు..." అని అక్కడినుంచే అరిచింది ఆడపడుచు. ఇక తిట్లు పడతాయనుకుంది. పడలేదు. నోరు తెరిస్తే బస్సు వెళ్లిపోతుంది మరి. మైకమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాచి నిలబడింది. మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

వదిన మాట్లాడకుండా ఉండటం ఆడపడుచు ఏనాడూ చూసి ఎరగదు. తిడితే పోట్లాడేది. బతిమాలితే తప్పించుకునేది. చాచిన చేతితో ఆ రెండూ కుదరవు.

"రావే తల్లీ, ఆవిడ ప్రాణం తోడేస్తున్నావు!" అంది కిటికీలోంచి ఓ ముసలామె.

ఆడపడుచు రెండడుగులేసి ఆగింది. "నాకు భయంగా ఉంది వదినా."

మైకమ్మ తలూపింది. చెయ్యి మాత్రం దించలేదు.

అప్పుడు పరుగెత్తింది ఆ పిల్ల. ఆ చెయ్యి పట్టుకుని మెట్టెక్కి, రొప్పుతూ వదిన పక్కన నిలబడింది.

"ఎక్కాను. ఇక వదులు వదినా."

"అలాగేనండీ," అంది మైకమ్మ. బస్సు కదిలింది.