లేవని ఇల్లు

కున్నేయ్ పొద్దున్నే రెండావుల పాలు పితికింది. చలికాలంలో చెరువు నుంచి కోసి తెచ్చి పేర్చిన మంచు దిమ్మల్లో ఇక ఒక్కటే మిగిలింది. దాన్ని గొడ్డలితో పగలగొట్టి, ముక్కల్ని టీ కోసం పొయ్యి మీద పెట్టింది. మామగారు ప్రొకోపి కిటికీ పక్కన కూచుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు.

"అవ్వ ఇవాళే కదిలేట్టుంది," అన్నాడాయన. లేనా నదిని ఊళ్ళో అందరూ అవ్వ అనే అంటారు.

"అవ్వ సంగతి సరే మావయ్యా, మన ఇల్లు కదలాలిగా," అంది కున్నేయ్. ఆయన వలకి ఇంకో ముడి వేశాడు.

మే నెల. ఏడు నెలలు గడ్డకట్టిన నది పగిలే రోజులు. ఏటా ఆ మంచు గడ్డలు పోతూ పోతూ గట్టుని కొరుక్కుపోతాయి. అందుకని ఆ ఊరి ఇళ్ళు ఏటా ఈ రోజుల్లో లేచి, పదీ ఇరవై అడుగులు వెనక్కి నడిచి కూచుంటాయి. లైన్‌మన్ ముందే వచ్చి కరెంటు తీగలు వదులు చేస్తాడు. ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, గిన్నెలు కింద పెట్టుకుంటారు. పోయినేడు పోస్టాఫీసు మరీ బడి వెనక్కి పోయి కూచుందని ముసలాళ్ళు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు.

ప్రొకోపి ఇల్లు మాత్రం మూడేళ్ళుగా లేవలేదు. మూడేళ్ళ కిందట నవంబరులో ఆయన కొడుకు బేర్గెన్, కున్నేయ్ మొగుడు, అప్పుడే కట్టిన పల్చటి మంచు మీద బండేసుకుని అవతలి గట్టుకి బయల్దేరాడు. చేరలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఎదురుచూసే మనిషున్న ఇల్లు లేవదు. ముసలాయనే కొడుకు మీద ఆశ పట్టుకు కూచున్నాడని ఊరంతా అనుకుంది, కున్నేయ్ కూడా. ఒకప్పుడు నలభై అడుగుల దూరంలో ఉన్న గట్టు ఇప్పుడు ఆరడుగులకొచ్చింది.

టీ తాగుతుండగా పక్కింటి మోత్య తలుపు తోసుకొచ్చింది.

"ఒసే, మా ఇల్లు లేచింది! మా ఆయనే ఇంకా లేవలేదు, మంచంతో సహా వచ్చేశాడు," అని నవ్వి, కిటికీలోంచి చూసి నవ్వు ఆపేసింది. "ఇదేంటే, గట్టు ఇంత దగ్గరకొచ్చేసింది?"

అప్పుడే ఎగువన ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. నది మొత్తం ఒక్కసారి మూలిగింది. ఇంటెత్తు మంచు గడ్డలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ వంపు దగ్గర ఇరుక్కున్నాయి. వెనకాల నీళ్ళు లేవడం మొదలుపెట్టాయి.

కున్నేయ్ పరుగున పోయి ఆవుల్ని విప్పి మోత్యకి అప్పగించింది. "మిట్టకి తోలుకుపో అక్కా, మావయ్యని తీసుకొస్తా." తిరిగొచ్చేసరికి దడి విరిగి నీళ్ళలో పడింది.

ముసలాయన కుర్చీలోంచి కదల్లేదు.

"ఇల్లు పోతే చలికాలం ఎక్కడ పడుకుంటాం? నే రాను."

"అయితే ఆయన రాడని మీ నోటితో అనండి! మీరు వదిలేస్తే ఇదే లేస్తుంది."

"వాడు రాడు," అన్నాడు ప్రొకోపి వెంటనే. "బేర్గెన్ ఇక రాడు."

ఇల్లు కదల్లేదు. గుమ్మం ముందు మట్టి పెళ్ళ జారి పడింది.

"మనసులోంచి అనండి మావయ్యా!"

"మనసులోంచే అన్నానమ్మా. నేనెప్పుడో వదిలేశాను," అని కోటు లోపలి జేబులోంచి ఒక చేతి తొడుగు తీశాడు. జింక తోలు, అంచున నీలం పూసలు. తడిసి ఎండి చెక్కలా బిగుసుకుపోయింది. "ఏడాదిన్నర కిందట వల్లో పడింది."

పూసలు కుట్టింది కున్నేయే. ఒక పూస తక్కువై ఆకుపచ్చది వేసింది. అదీ ఉంది.

"ఏడాదిన్నరా?" ఆమె తొడుగు అందుకుంది. "రోజూ ఆ కిటికీలోంచి చూస్తున్నాను... మీరు పక్కనే కూచుని..."

"చూపిస్తే వెళ్ళిపోతావనుకున్నాను. ఈ ఇంట్లో నేనొక్కణ్ణీ..." ఆయన తల దించేసుకున్నాడు.

బయట మిట్ట మీంచి మోత్య కున్నేయ్‌ని పేరు పెట్టి పిలుస్తూ అరుస్తోంది. ఒక మంచు గడ్డ వచ్చి గోడకి గుద్దుకుంది. కిటికీ అద్దం పగిలి నేలంతా పరుచుకుంది. కున్నేయ్ ఆ తొడుగుని రెండు చేతులా పట్టుకుంది.

"చచ్చిపోయాడు," అంది. "బేర్గెన్ చచ్చిపోయాడు." ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

నేల కిందనుంచి నిట్టూర్పులాంటిదొచ్చింది. గిన్నెలు దొర్లాయి, పొయ్యి పక్కకి ఒరిగింది. ఇల్లు ఒక మూల, ఆ తర్వాత ఇంకో మూల లేపి నడవసాగింది. వాళ్ళిద్దరూ గోడ పట్టుకుని నిలబడ్డారు. వెనక గట్టు కూలిన చప్పుడు వినబడింది. మోత్య ఇంటిని దాటి, బడిని దాటి, మూడేళ్ళ నడకా ఒక్కసారే నడిచి, అడవి అంచున లార్చ్ చెట్ల మొదట్లో ఆగింది.

ఆ తర్వాత నాలుగు రోజులు కున్నేయ్ మామగారితో మాట్లాడలేదు. ఐదో రోజు ఆయనే చేపల పులుసు కాచి, గిన్నె ఆమె ముందు పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డాడు.

ఆమె రెండు చెంచాలు తాగింది. "ఉప్పు లేదు."

ఆయన ఉప్పు తెచ్చి పెట్టాడు.

"జూన్‌లో మొదటి పడవకి యాకుత్స్క్ పట్నం పోతున్నా," అంది. "నర్సు చదువుకి."

ప్రొకోపి పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు.

"రేవు దాకా సంచి నేను మోస్తా," అన్నాడు.